నీడకు ఆరబెట్టిన వేప ఈనెలు

పాల్వంచ,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు,

నీ పెద్ద కూతురు కరుణ వందనాలు. దేవుని దయవల్ల నేనూ ఆయనా ఇక్కడ బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? అన్నయ్య, వదిన, పిల్లలు బాగున్నారా? గేదె ఈనిందా? ఫోనులో నీకు సరిగ్గా వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. బైబిలు చదువుకున్నట్టు నిదానంగా చదువుకుంటావని అక్షరాలు పెద్దవిగా రాశాను. మొదటి కాగితం ఎవరితో చదివించుకున్నా ఫరవాలేదు. రెండోది మాత్రం వదిన చేతికి ఇవ్వకు.

తల్లాడ వదిలి ఈ కంపెనీ కాలనీకి వచ్చాక ఇల్లు సర్దుకోవడం అయింది గాని మనసు సర్దుకోవడం కాలేదు. ఆయన షిఫ్టు వారం వారం మారుతుంది. ఏ పూట ఎప్పుడు వండాలో కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించుకుంటాను. ఎండలు అప్పుడే ముదిరాయి. ఇంటి ముందు రోడ్డు మీద కరెంటు ప్లాంటు బూడిద లారీలు పోతుంటాయి. పొద్దున తుడిచిన అరుగు మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లబడుతుంది. కూరగాయలకు లోటు లేదు, గోంగూర మాత్రం మన చేనుదానంత పుల్లగా లేదు. ఆయన డ్యూటీకి వెళ్ళాక మాట్లాడేందుకు పక్కింటి ప్రమీల ఒక్కతే. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఇక అసలు సంగతి. క్రిస్మస్ అయ్యాక నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నీ అల్లుడి చిగుళ్ళ సంగతి చూశావు కదా. గుండుపిన్నుతో పళ్ళ సందులు కెలుక్కుని రక్తం తెచ్చుకుంటే, పళ్ళ డాక్టరు కోప్పడి సందుల్లో లాగే దారం వాడమన్నాడు. ప్లాస్టిక్ డబ్బీలో వచ్చే దారం. దాని ముక్కలు స్నానాల గది తూములో చిక్కుకున్నాయి, చీపురుకు చుట్టుకున్నాయి, చివరికి పెరట్లో కోడి కాలికి కూడా చుట్టుకున్నాయి. మట్టిలో కుళ్ళవు, కాలిస్తే కంపు. నువ్వు ఆ కోడిని ఒళ్ళో పెట్టుకుని దారం విప్పుతూ, "ఏందే కరుణా, అల్లుడు నోట్ల చేపలు పడుతుండా? వేప ఈనెలుండంగ గీ గాలం ఎందుకే?" అన్నావు. ఆయన ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు.

అంతవరకు బాగుంది. ఆ తర్వాత నువ్వు చేసిన పనే నాకు మింగుడు పడటం లేదు. వేపచెట్టు ప్రమీల పెరట్లో ఉందని అక్కడికి వెళ్ళి కూర్చున్నావు. నేను పొయ్యి మీద చేపల పులుసు చూసుకుంటూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆకు దూయడం, ఈనె చెక్కడం అంతా చేయి పట్టి ఆమెకు చూపించావు. నువ్వు వెళ్ళే రోజు ఆరిన కట్ట తెచ్చి నా చేతిలో పెట్టావు. కట్ట నాకు, పనితనం ఆమెకు.

ఇప్పుడు కాలనీ అంతా ప్రమీల ఈనెలే. చర్చిలో భోజనాలు పెడితే, మాంసం తిన్న ప్రతివాళ్ళూ ఆమె ఈనెల గ్లాసు చుట్టే చేరతారు. మొన్న పాస్టరు అయ్యగారి భార్య, "ఎవరు నేర్పిండ్రమ్మా నీకు?" అని అడిగితే, నేను పక్కనే ఉండగా ప్రమీల "మా అమ్మ" అంది.

నేను ఊరుకోలేదు. "మీ అమ్మ మణుగూరుల ఉంటది గద?" అన్నాను.

"అవ్ అక్కా. ఆమె గాదు, మన తల్లాడ అమ్మ" అంది.

మన! ఆమె తల్లాడ బస్టాండు కూడా చూడలేదు.

ఆ ఉడుకులో, చర్చిలో కోత పండుగ విందుకు ఈనెలు నేను తెస్తానని అందరి ముందు అనేశాను. ప్రమీలను అడగడం ఇష్టం లేక చర్చి వెనక చెట్టు నుంచి ఆకు కోసుకొచ్చాను. దూసి, ఉప్పునీళ్ళలో కడిగి, మంచి ఎండ తగలాలని డాబా మీద చాప పరిచి ఆరబోశాను. అరుగు తుడిచేటప్పుడు గుర్తుండే బూడిద లారీలు అప్పుడు గుర్తుకు రాలేదు. తడి ఈనెలకు బూడిద అంటుకుంది, ఎండకు పెళుసెక్కాయి. ఎండిన ఈనె ఎలాగూ బూడిదరంగే కాబట్టి నా కంటికి ఆనలేదు.

విందులో మొదటిది అయ్యగారే తీసుకున్నారు. పంటి సందులో పెట్టీ పెట్టకముందే పుటుక్కుమంది. అయ్యగారు నాలుక చప్పరించి, "ఏంది చెల్లే, బూడిదతోని పళ్ళు తోముడు, సందులు తీసుడు రెండూ ఒక్కపారే పెట్టినవా?" అన్నారు. విందు విందంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నీ అల్లుడే. ప్రమీల నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా చెవి దగ్గరకు వచ్చి, "అమ్మ చెప్పింది గదక్కా, చాటల పోసి ఇంట్లనే నీడకు ఆరబెట్టాల్నని" అంది.

చెప్పావు. ఆమెకు చెప్పావు.

ఆ వారం ఆమె పంపిన పప్పుచారు గిన్నెను కడిగి ఖాళీగా తిప్పి పంపాను. ఖాళీ గిన్నె పంపకూడదని నువ్వు నేర్పిందే, అయినా పంపాను. మర్నాడు అదే గిన్నెలో జామకాయలు పెట్టి పంపింది. ఇలాంటిదానితో ఎలా పోట్లాడాలో చెప్పు.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి చాటను బీరువా మీద పెట్టి, పైన పల్చటి పాత గుడ్డ కప్పాను. ఈనె వంగుతోంది గాని విరగడం లేదు. కొసను బ్లేడుతో ఏటవాలుగా చెక్కి, గరుకు పోయేదాకా గుడ్డతో రుద్దుతున్నాను. ఆయన అన్నం తిన్నాక వీటినే వాడుతున్నారు, చిగుళ్ళ రక్తం ఆగింది. వాడినవి మల్లెచెట్టు మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతున్నాయి. దారం డబ్బీ కొనడం మానేశాను. ప్రమీల చూసి, "నాకంటె సన్నగ చెక్కినవక్కా" అంది. ఆ మాటకు కడుపు నిండింది. అంతలోనే, "అమ్మ ఎప్పుడొస్తది? మా ఇంట్ల మంచం ఖాళీగనే ఉన్నది" అని అడిగింది.

నీకు మంచం మా ఇంట్లో ఉంది. కొత్త నవారు వేయించాను. వచ్చేటప్పుడు మన చేను గోంగూర తీసుకురా. ముందు మా గడపే తొక్కు. ప్రమీల పెరట్లోకి వెళ్తానంటే వెళ్దువుగాని, నీ పక్కన పీట వేసుకుని నేనూ కూర్చుంటాను. పులుసు మాడితే మాడనీ.

అన్నయ్యకు, వదినకు, మన సంఘం పెద్దలకు మా వందనాలు. ప్రార్థనలో మమ్మల్ని తలుచుకో. ప్రమీల పేరు కూడా ఎత్తేటట్టయితే మా తర్వాత ఎత్తు.

ఈ ఉత్తరం తెచ్చినతని దగ్గర ఈనెలు పంపాను. ఎర్రదారం కట్టినవి అన్నయ్య వాళ్ళకు. తెల్లదారం కట్టినవి నీకు. నీ కుడివైపు లోపలి పన్ను పక్క సందులో ఏం తిన్నా ఇరుక్కుంటుంది, నాలుకతో తోసుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంటావు. దానికోసం వీటి కొస ఇంకా సన్నగా చెక్కి, కాస్త వంచి ఆరబెట్టాను. ఆ పన్ను సంగతి ప్రమీలకు తెలియదు. నువ్వు చెప్పకు.

నీ కడుపున పుట్టిన
కరుణ