సొట్టపడిన యూఫోనియం

అరకు,
నవంబరు 19.

ప్రియమైన నాన్నగారికి,

మీ దెబోరా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మీ అల్లుడు టైటస్‌గారూ బాగున్నాం. అక్కడ జయపురంలో తమ్ముడు, మరదలు, వాళ్ల అమ్మాయి జాయ్స్ కులాసాగా ఉన్నారనీ, ఇంత చలిలో మీరు పొద్దున్నే చన్నీళ్లు పోసుకోవడం మానేశారనీ అనుకుంటున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. టైటస్‌గారి మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం గొణుగుతారు. కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి, ఏరడం మొదలైంది. బడిలోంచి ముందుగానే రిటైరయ్యాక నాకీ పాత బాజాల పిచ్చేమిటని మరదలు నవ్వుతోందని రాశారు. నవ్వనివ్వండి. ఆరేళ్లలో తొమ్మిది చేరాయి. సాలూరు పెళ్లి బ్యాండువాళ్లు మూలన పడేసిన ట్రాంబోను, పార్వతీపురంలో పాత సామాన్లవాడు కరిగించబోయిన రెండు కార్నెట్లు, ఇంకా ఏవేవో. ఇంట్లో చింతపండు చారుకన్నా వాటిని తోమడానికే ఎక్కువ పోతోందని మీ అల్లుడి ఫిర్యాదు.

"ఇప్పుడు దేన్ని బాగుచేస్తున్నావు?" అని కదూ అడిగారు. ఇది కూర్చుని చదవండి. మన మిషన్ బ్యాండు యూఫోనియం దొరికింది, ఆ బొద్దు ఇత్తడి బాజానే.

సెప్టెంబరులో ముంచింగిపుట్టు సంతకి వెళ్లాను. పసుపు అమ్మే గంగాభవాని అనే ఆవిడతో మాటల్లో నా పిచ్చి సంగతి చెబితే ఆవిడ పకపకా నవ్వింది. "మా ఊల్లో ఓ ముసిలోడున్నాడమ్మా. మంచెక్కి ఏటో ఇత్తడిది ఊదతాడు. అడివిపందులే కాదు, మా కోల్లు కూడా పారిపోతాయి" అంది. మర్నాడే జీపెక్కి, ఆ తర్వాత గంటన్నర నడిచి ఆ ఊరు చేరాను. రాగిచేలో మంచె, దాని గుంజకు వేలాడుతూ యూఫోనియం. నల్లగా మసిబారిపోయింది గానీ, మీరు మేకుతో గీసిన ఏడో నంబరు అలాగే ఉంది. గంటలా విచ్చుకున్న మూతి దగ్గర సొట్టా అలాగే ఉంది.

మంచె మీంచి తెల్లజుట్టాయన దిగి వచ్చి నన్ను తేరిపార చూశాడు. "నువ్వు వరప్రసాదం సారు ఆడగుంటవి కదూ!" అన్నాడు.

అవును నాన్నా, ఆ ఫల్గుణే. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంటూ మీ దగ్గర యూఫోనియం నేర్చుకున్న ఫల్గుణ. దాన్ని పడేసి సొట్టపెట్టాడని, క్రిస్మస్‌కి పది రోజుల ముందు మీరు బ్యాండులోంచి పంపేసిన ఫల్గుణ. ఇప్పటికీ ఆ పేరు వింటే "నా బ్యాండును ముంచినవాడు" అంటారు మీరు. బ్యాండు మూతపడి సామాన్ల గది ఖాళీ చేస్తున్నప్పుడు ఆయన వచ్చి, రెండు బుట్టల పసుపిచ్చి ఆ పాడైన బాజాను తెచ్చుకున్నాడట. నలభై ఏళ్లుగా దాంట్లోంచి వచ్చేది ఒక్కటే కూత. అయినా వదల్లేదు.

నాకు అమ్మమని అడిగాను. "అమ్మను. బాగుసేస్తావా? సేస్తే అట్టుకెల్లు. మల్లీ నాకే తెచ్చియ్యాల" అన్నాడు.

తెచ్చాను. గొట్టాల్లోంచి కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు మూడు, గుప్పెడు రాగులు రాలాయి. చింతపండు నీళ్లలో కడిగితే నీళ్లు ఆకుపచ్చగా పారాయి. వేళ్లతో నొక్కే రెండో పిస్టన్ బిగుసుకుపోయింది. దానికి రోజూ కిరసనాయిలు చుక్కలు వేస్తూ ఎనిమిది రోజులు ఓపిక పట్టాను. తొమ్మిదో రోజు 'టక్'మని కదిలింది. నేను అరిచిన అరుపుకి టైటస్‌గారు పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని వచ్చారు! సొట్ట తీయడానికి మాత్రం హుకుంపేట దగ్గర ఇత్తడి పోతపోసే బుధు సాయం కావలసి వచ్చింది. పాత ఇత్తడి, సుత్తితో కొడితే పగులుతుంది. అందుకని ఆయన గంట మూతి లోపలికి సరిపోయేలా కర్రదిమ్మ చెక్కి ఇచ్చాడు. రేకును కాస్త వేడిచేసి మెత్తబరిచి, దిమ్మ మీద పెట్టి, గుండ్రటి ఇనపకడ్డీతో దొర్లించి దొర్లించి చదును చేశాను. వదులైన అతుకులకు టంకం పెట్టాను. శుక్రవారం శుక్రవారం అరకు సంతకి వచ్చే బస్సులో ఫల్గుణ వచ్చి, పురిటిగది బయట తండ్రిలా మా వరండాలో కూర్చునేవాడు.

మొన్న ఆదివారం వాళ్ల ఊరి చర్చిలో కోతల పండుగ. ఆరాధన అయ్యాక ఫల్గుణ యూఫోనియం ఒళ్లో పెట్టుకుని, మీరు నేర్పిన ఊరేగింపు మార్చ్ ఎత్తుకున్నాడు. బాణీ మొదటి వరుసలో రెండుచోట్ల తడబడ్డాడు. తర్వాత ఇంక ఆగలేదు. వెనక నుంచి ఎవరో తుడుం డప్పు అందుకున్నారు. ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులు వేసుకుని థింసా నాట్యానికి వరుస కట్టేశారు. మీ మార్చ్‌కి థింసా, నాన్నా! పాస్టరుగారు కూడా చెప్పులు విడిచి వరుస చివర చేరిపోయారు. కాకపోతే ఒక్క అడుగూ సరిగ్గా పడలేదు పాపం. గంగాభవాని చెమట తుడుచుకుంటూ, "ఇంత బాగా ఊదగలవని ఇన్నేల్లూ సెప్పనేదేటి! ఉత్తి పుణ్యానికి మా కోల్లని బెదరగొట్టినావు" అని ఆయన్ని దులిపేసింది.

ఇంతవరకూ సంతోషంగా రాశాను. ఒక సంగతి మాత్రం దాటవేశాను. నాలుగు కాగితాలు చింపి ఇది అయిదోది.

ఆ సొట్ట ఫల్గుణ పెట్టింది కాదు. నేను పెట్టాను.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. బ్యాండు నేర్పమంటే "ఆడపిల్లలకి పాటలు చాలు" అన్నారు మీరు. ఒక శనివారం మధ్యాహ్నం సామాన్ల గది తాళం తీసి ఉంటే లోపలికి దూరాను. యూఫోనియం ఎత్తి ఊదాను. స్వరం వచ్చింది! నిజమైన స్వరం, నిండుగా. ఆ అదురుకి గుండె ఝల్లుమని చేతులు వదిలేశాను. గడప రాయి మీద పడింది. తీసి మూలన పెట్టి పారిపోయాను. తాళంచెవి ఫల్గుణ దగ్గర ఉండేది కాబట్టి మీరు ఆయన్నే అడిగారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

సొట్ట తీయకముందే ఈ మాట ఆయనతో చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "నాకెరికే" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"గది ఎనకాల గోడకాడే ఉన్నాను. నువ్వు ఊదింది ఇన్నాను. కిటికీలోంచి పడీసింది సూసినాను."

"మరి ఎందుకు చెప్పలేదన్నా?"

"సెప్తే సారు నిన్ను సావగొట్టీవోరు. గుంటవి. నన్నయితే పొమ్మంటారు, అంతే గదాని అనుకున్నాను." ఆర్పిన బీడీ పారేసి మళ్లీ అన్నాడు: "అంతే కానేదులే. ఆ క్రిస్మస్‌కి బ్యాండు ఎల్తంటే పనసచెట్టు ఎనకాల నిలబడి ఏడిసినాను. సారు నన్ను దొంగని సూసినట్టు సూసినారు. అదొక్కటే నాకు ఇప్పటికీ బాగోదు. సారు ఉన్నప్పుడే సెప్పెయ్యి."

కాళ్లు పట్టుకోబోతే లాగేసుకుని నవ్వాడు. "ఆ రోజు నువ్వు ఊదింది బాగానే ఉందే. నాకు మొదటిసారి గాలే వచ్చింది, స్వరం రానేదు. నీకు ఊపిరుంది" అన్నాడు.

నాన్నా, ఆరేళ్లుగా తొమ్మిది బాజాలు బాగుచేశాను గానీ ఒక్కటీ నోట పెట్టలేదు. ఎందుకో మీకిప్పుడు తెలిసింది కదా. ఫల్గుణ పట్టుబట్టి కార్నెట్ నా చేతికిచ్చాడు. రెండు నెలలుగా శుక్రవారాలు నేర్పుతున్నాడు. మీ మార్చ్‌లో ఎనిమిది వరుసలు వచ్చేశాయి. నా యాభై ఏడేళ్లలో ఇంత సంతోషం ఎరగను.

నన్ను ఎంతైనా తిట్టండి, పడతాను. ఆయనతో మాత్రం మీ నోటితో ఒక్క మంచి మాట అనండి. వచ్చే శనివారం పొద్దున్న బస్సుకి మేమిద్దరం బాజాలతో జయపురం వస్తున్నాం. మీరు బ్యాండును నడిపిన కర్ర ఎక్కడుందో వెతికించి ఉంచండి. వరండాలో రెండు కుర్చీలు వేయించండి. ఒకటి ఫల్గుణకి. రెండోది నాకు.

ఇట్లు,
మీ బ్యాండులో చోటు అడుగుతున్న
మీ పెద్దకూతురు
దెబోరా