రంగు తిన్న రెక్క

శాలిబండ,
13-2-1984

ఇశ్రాయేలు బావా,

నువ్వెట్లున్నవో తర్వాత అడుగుత. శనివారం నేను ఇంట్ల లేనప్పుడు నా థర్మకోల్ విమానాన్ని ఎందుకు ముట్టుకున్నవో ముందుగాల చెప్పు!

ఆరు నెలల కష్టం బావా అది. పెండ్లి పందిళ్లకు థర్మకోల్‌ల పేర్లు కోస్త గదా, కాలే ఆ కరెంటు తీగతోనే రెక్క కోసిన. నమూనా ఎవ్వరియ్యలే, గద్దల్ని చూసి నేనే గీసుకున్న. దూరంకెల్లి నడిపే రేడియో సామాను జుమ్మెరాత్ బజార్ల పాత సామాన్లకెల్లి ఏరుకొచ్చిన. ముక్కు బరువై మూడుసార్లు నేలను గుద్దితే, రెక్కను రెండు వేళ్లంత ముందుకు జరిపి సరిజేసిన. నిన్న ఐతారం చాంద్రాయణగుట్ట మైదానంల ఎగరేద్దామని పెట్టె తెరిస్తే ఏముంది? రెక్క నిండ బొక్కలు!

ఇరవై ఏండ్ల సంది బోర్డులు రాస్తున్నవు. థిన్నర్ కలిపిన రంగు థర్మకోల్‌ను తింటదని తెల్వదా? మీ చెల్లె ఏమో "మా అన్న ప్రేమతోని రాసిండు" అంటది. ప్రేముంటే చాక్‌పీసుతోని రాయాలె!

పారేద్దామని ఆ రెక్కను వాకిట్లకు తెచ్చి ఎండల ఎత్తిన. బొక్కలకెల్లి వెలుతురు దిగి నేల మీద అక్షరాలు పడ్డయి. అక్కడక్కడ తెగినయి గని, చదవొచ్చు. నా పేరు. ఎంతమంది పెండ్లిపిల్లల పేర్లు కోసిన్నో లెక్కలేదు బావా, నా పేరు ఎన్నడూ కోసుకోలే.

అయినా కోపం తగ్గలే. కొత్త రెక్క కోస్తున్న. వచ్చే ఐతారం నీళ్ల రంగు తీస్కొని రా. థిన్నర్ వాసనొస్తే గడప తొక్కనియ్య.

కింద సంతకం పెడ్తలేను. నా పేరు నువ్వు రాసినవు గదా.