కషాయం పిప్పి తొక్కిన కువాంగ్

చెల్లీ సూయున్,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను, కానీ మీ వదిన ముందుగా రాస్తే కథంతా పాడుచేస్తుంది.

తలకు రక్తం సరిగా ఎక్కక కళ్లు తిరుగుతున్నాయని వైద్యుడు తియన్మా దుంప కషాయం ఇచ్చాడు. తగ్గితేగాని నీ కొడుకు పెళ్లికి పంపనంటోంది మీ వదిన. కాచిన పిప్పి వీధిలో పోస్తే, తొక్కినవాడి కాళ్లతో రోగం వెళ్లిపోతుందని అమ్మ అనేది కదా! పాపం, పోస్టుమాన్ వచ్చే వేళ చూసి మరీ పోసేది. నేను మాత్రం, చదరంగంలో నన్నెప్పుడూ ఓడించే కువాంగ్ గుమ్మం ముందు పోశాను.

"ఏరా ముసలాడా, నీ రోగం నాకంటగడతావా?" అంటూ చీపురెత్తాడు.

"మేనల్లుడి పెళ్లికి వెళ్లాలిరా," అన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

చీపురు గోడకానించి, రెండు కాళ్లతో పిప్పి తొక్కి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మీ అన్నయ్య