చెంబు లైటు తీసేశాను

సూర్యాపేట

సరోజనా,

బతుకమ్మకని కోదాడ పుట్టింటికి పోయినదానివి, దసరా వెళ్లినా రాలేదు. నేను స్టీలు చెంబుకు బొక్క కొట్టి చేసిన లైటు నీకు షాకు కొట్టింది కదా. "ఐఎస్ఐ మార్కు లైటు పెట్టేదాక ఇంట్ల అడుగు పెట్ట" అన్నావు. నువ్వు పోయాక ఆ చెంబు మీద నీ గోళ్ల రంగుతో మార్కు రాశాను. కరెంటు పనిచేసే భద్రు చూసి, "అన్నా, గిట్ల రాస్తే కరెంటు భయపడతదా?" అని నవ్వాడు. చివరికి వాడితోనే అసలు మార్కున్న లైటు పెట్టించి, ఎర్తు వైరు వేయించాను.

వెలుగు బాగుంది. అందులో పొయ్యి దగ్గర నువ్వు లేకపోవడమే ముందు కనబడుతోంది.

నమ్మకం లేకపోతే మీ అన్నను వెంట తెచ్చుకో. మొదట ఆయన చేతనే స్విచ్చు వేయిద్దాం. తర్వాత ఆయన బస్సెక్కి పోతాడు, నువ్వుండిపో.

నీ మొగుడు