చూడకుండా తుడిచిన జనరేటరు

యుద్ధవిమానాల విద్యుత్ పరికరాల మరమ్మతు విభాగానికి అధిపతిగా చేసి రిటైరైన నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా బుద్ధి నిక్షేపంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. నాకు మతి తప్పిందని వాదించదలచినవారు ముందు ఇందులో ఒక్క తప్పు చూపించాలి.

1. ఇల్లు నా కొడుకులిద్దరికీ సమానంగా చెందుతుంది. మేడమీది గది తనకే కావాలని పెద్దవాడు పేచీ పెడతాడు. పెట్టనివ్వండి, వాడికదో సరదా.

2. పెరటి షెడ్డు, అందులోని పాత జనరేటర్లు, వోల్టేజి రెగ్యులేటర్లు, స్విచ్చుపెట్టెలు సమస్తం నా చిన్నకోడలికి సర్వహక్కులతో చెందుతాయి. పెద్దవాడు ఇప్పటికే పాత ఇనుము కొట్టువాణ్ణి వెంటేసుకొచ్చాడు. ఇకమీదట ఆ బేరం చెల్లదు.

కారణం నమోదు చేస్తున్నాను. చూడకముందు తుడుపుగుడ్డ పట్టకూడదన్నది మా మరమ్మతు షాపు కట్టుబాటు. నూనె మరకను బట్టి ఇంజనుకు ఏ వైపు బిగించారో, బొగ్గుపొడిని బట్టి లోపలి బొగ్గు బ్రష్షులెంత అరిగాయో తెలుస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఈ పిల్ల షెడ్డులోకొచ్చి, "అత్తయ్యా, తుడిచెయ్యనా, ముందు మీరు చూస్తారా?" అంది. షెడ్డు మనసులో ఆ రోజే రాసిచ్చేశాను. కాగితం మీదికి ఇప్పుడొచ్చింది. బెల్టు చక్రముంటే లారీదనీ, గాడుల ఇరుసూ, చల్లగాలి గొట్టం తగిలించే మూతీ ఉంటే విమానానిదనీ ఇవాళ తడిమి చెబుతుంది. నేను తయారుచేసిన మనిషి. గర్వపడతాను, ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

3. నా భూతద్దం చిన్నవాడికి. పెళ్ళాం మాట వినే చెవులు వాడికున్నాయి, ఇక కళ్ళే కావాలి.

4. పేరుపలక చెరిగిన జనరేటరు. నా పుట్టినరోజుకని పెద్దవాడు దాన్ని గరుకుకాగితంతో తళతళలాడేలా రుద్దాడు. పలకమీది అక్షరాలు, తనిఖీ ముద్రలు అన్నీ పోయాయి. "అమ్మా, కొత్తదానిలా లేదూ?" అన్నాడు, ముఖం నిండా మసితో. నేనన్న మాటలు ఇక్కడ రాస్తే సాక్షులు సంతకం పెట్టరు. తర్వాత విప్పి, రాగితీగ చుట్టలూ ఇరుసు గాడులూ బిగింపు రంధ్రాలూ చూసి అది ఏ రకమో తేల్చాను. కొన్నేళ్ళకు పలకతో సహా దాని కవల దొరికింది. నా మాట పొల్లుపోలేదు.

దీన్ని పెద్దవాడికే ఇస్తున్నాను. హాల్లో పెట్టుకుని, వచ్చినవాళ్ళకి అదేమిటో సరిగ్గా చెప్పాలి. "ఏదో మోటారు" అన్నాడా, నా చిన్నకోడలు తక్షణం పట్టుకుపోవచ్చు.

5. అమలు బాధ్యత నా ఆడపడుచుది. ఆవిడకి నేనంటే పడదు కనుక ఒక్క అక్షరమూ వదలదు.

6. ఆ జనరేటరు మెరుపు మాత్రం ఎవరూ చెడగొట్టవద్దు. అదెక్కడ తయారైందో చెప్పే పలక చెరిగిపోయింది. ఎవరు రుద్దారో ఆ మెరుపు చెబుతుంది. అది గుర్తుపట్టడానికి నాకు ఏనాడూ భూతద్దం అక్కర్లేకపోయింది.

తేదీ: మార్చి పధ్నాలుగు
(సంతకం) మీ అమ్మ, ఆ పిల్ల అత్తయ్య
సాక్షులు: ఎదురింటి పళ్ళ డాక్టరు, మా షాపు పాత ఇన్‌స్పెక్టరు (చదివాకే సంతకం పెట్టాడు, అలవాటు పోలేదు)