ఆకురాయి పెట్టిన పళ్లు

జమ్మలమడుగు

డాక్టరమ్మ సుకన్య గారికి నమస్కారం.

రేపు మా ఇంటాయనతో ప్రొద్దుటూరు వస్తున్నాను. ఆయన ముందర చెప్పలేని మాట కాబట్టి ముందే రాసి పంపుతున్నాను.

మీరు చేసిన కట్టుడుపళ్లు గుచ్చుకుంటున్నాయని ఇంట్లో అన్నాను. "దీనికి పొద్దుటూరికి యాల పోయేది? ఊరందరి ఉంగరాలు సరిచేసినోణ్ని ఈడుండానే!" అంటూ బంగారు పని ఆకురాయితో ఆయనే అరగదీశారు. నొప్పన్నప్పుడల్లా అదే వైద్యం. ఇప్పుడు మాట్లాడితే జారుతున్నాయి, ముద్ద నమలలేకున్నాను.

కొత్తవి చేయండి. ఆకురాయి గీతలు కనబడినా అడగొద్దు. చిగుళ్లు తగ్గి వదులయ్యాయని ఆయనకు చెప్పండి. ఏటా కొంత తగ్గుతాయని మీరే అన్నారు కదా, అబద్ధమూ కాదు.

చూపు మందగించి అంగడి మూసేశాక ఆయనకు మిగిలిన గిరాకీ నేనొక్కదాన్నే.