ఖాళీలు నిండిన ఫోటో

మస్తాన్ మావయ్యా,

నమస్తే. ఉప్పెనలో నువ్వు పోయి ఏడాదీ పన్నెండు రోజులు. బందరులో నీ స్టూడియో తలుపులు ఇప్పుడు నేనే తీస్తున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు... ఎక్కడైనా పాటలుంటే అక్కడికీ పరిగెడుతున్నాను. తొమ్మిదిలో బడి మానేసి నీ దగ్గరికొచ్చిన కొత్తలో, "నీ కాళ్లే ఒకచోట నిలవవు, ఇక కెమెరా ఏం నిలుస్తుందిరా" అని తిట్టేవాడివి. ఇప్పుడు కాస్త నిలుస్తోంది.

పోయిన ఆదివారం దివిసీమ వెళ్లాను. చర్చి కోత పండగ ఫోటోలు తీయడానికి వెళ్లి నువ్వు తిరిగిరాని ఊరికే. పోయినవాళ్ల కోసం చర్చిలో ప్రార్థన పెట్టారు. పాడేవాళ్ల ఫోటో బాగా వస్తే ఇకపై కచేరీల ఫోటోలన్నీ నాకే ఇస్తానని బెజవాడ పత్రికాయన అన్నాడు. అదొక్కటీ కుదిరితే చాలనుకున్నాను.

బజార్లో ఫిల్ము దొరకలేదు. నీ సొరుగులో ఒక రోలు కనిపించింది. ఫిల్ము కొస బయటికే ఉంది, మూల మడిచి ఉంది. వాడేసిన రోలుకి నువ్వలా మడత పెడతావని నాకు తెలుసు కదా... ఎందుకు గుర్తు రాలేదు? బస్సుకి టైమైపోతోందని మడత సాపు చేసి కెమెరాలో ఎక్కించేశాను.

గోడలే మిగిలిన చర్చి మెట్ల మీద పన్నెండు మంది నిలబడ్డారు. అంతకుముందు పంతొమ్మిది మందట. ఎవరి పాత చోట్లో వాళ్లు నిలబడి, పోయినవాళ్ల చోట్లు ఖాళీగా వదిలేశారు. హార్మోనియం మొదలైంది. "గొంతు లేచినప్పుడు కాదు, ఊపిరి తీసుకునేటప్పుడు నొక్కు" అనేవాడివిగా. అలాగే నొక్కాను.

ఫిల్ము కడిగి చూస్తే, ఒక ఫ్రేములో ఖాళీల్లేవు మావయ్యా.

ఉప్పెనకి ముందురోజు నువ్వు ఆ ఊరెళ్లి తీసుకొచ్చిన పాటల ప్రాక్టీసు ఆ రోల్లో ఉంది. దాన్ని సొరుగులో పెట్టే కదా మర్నాడు పండగకి మళ్లీ వెళ్లావు. దాని మీదే నేను మళ్లీ తీశాను. అంతే, నాకు తెలుసు. కానీ మిగతావన్నీ చెదిరిపోయి, ఇదొక్కటే మెట్టుకి మెట్టు ఎలా కలిసింది? నువ్వెక్కడ నిలబడి తీశావో నాకెవరూ చెప్పలేదే...

పాడేవాళ్లలో మరియమ్మగారున్నారు. ఆవిడ పక్కన ఖాళీ కూతురిదట, ఉప్పెనలో పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా మిగల్లేదు, స్టూడియోలో ఏమైనా ఉందేమో చూడమని ప్రార్థన రోజున నన్ను అడిగారు. లేదని చెప్పి వచ్చేశాను.

ఆ పిల్ల ఆవిడ భుజం పక్కనే ఉంది. పలచగా, వెనక గోడ కనిపిస్తూ. అందరూ పాటల పుస్తకంలోకి చూస్తుంటే తనొక్కతే తలెత్తింది. ఆరోజు నిన్ను చూసిందా? ఎన్ని ప్రింట్లు తీసినా నన్నే చూస్తోంది.

నిన్న పత్రికాయన వచ్చి ఆ ఫోటో చూశాడు. చచ్చినవాళ్లు తిరిగొచ్చి పాడారని రాసి అట్ట మీద వేస్తాడట. కింద నా పేరు వేస్తాడట. ప్రింటు కోసం చెయ్యి చాచాడు.

ఇవ్వలేదు మావయ్యా. ఇక పని ఇవ్వనని వెళ్లిపోయాడు.

ఆ పిల్లని ముందు వాళ్లమ్మ చూడాలి కదా... నెగెటివు కూడా పట్టుకుని రేపు అవనిగడ్డ బస్సెక్కుతాను. ఆవిడ కావాలంటే ఇచ్చేస్తాను. వద్దంటే ఆ మెట్ల మీదే కాల్చేసి వస్తాను.

నీ శీను